ఆడవాళ్ళ పెట్టెలో పొగ

అప్పయ్య రైల్వే కోటు తొడుక్కున్న మొదటి శనివారమే ఒక అమ్మాయి చేత చీవాట్లు తిన్నాడు. ఆ అమ్మాయి చూడచక్కగా ఉండటంతో సరిగా బాధపడటానికి కూడా వీల్లేకపోయింది.

మారిషస్ దీవిలో వకోవా అనే ఊరి స్టేషన్లో పొద్దుటి బండి ఆగింది. అప్పయ్య ఆడవాళ్ళ పెట్టె ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్న ముసలావిడను టికెట్ అడిగాడు. ఆవిడ పలకలేదు. వినపడలేదేమోనని గొంతు పెంచాడు. ఆవిడ చలికి చీరకొంగు ముక్కుదాకా కప్పుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టి అతన్ని చూసింది. ఈసారి అప్పయ్య ఆవిడ చెవి దగ్గరికి వంగి, పెట్టె మార్మోగేలా అడిగాడు.

"అరవకండి మిస్యే," అంది పక్కనున్న అమ్మాయి, అయ్యా అనడానికి ఆ దీవిలో అలవాటైన మాటతో. "మా అమ్మమ్మకు చెవుడు లేదు. శనివారం మౌనవ్రతం. టికెట్లు నా దగ్గరున్నాయి. ముందు నన్నడిగితే మీ గొంతుకీ శ్రమ తప్పేది, మా చెవులకీ తప్పేది."

అప్పయ్య ముసలావిడకు చేతులు జోడించాడు. అమ్మాయిని క్షమించమంటూ, ఫ్రెంచి మర్యాదలో "పార్దోం మామ్‌జెల్" అన్నాడు. తనకు మామ్‌జెల్ అని కాదు, గౌరీదేవి అని పేరుందని ఆ అమ్మాయి చెప్పింది. అప్పయ్య టికెట్లకు చిల్లు వేసి, ఇంకేదో అనబోయి, ఏమీ తోచక, వేసిన టికెట్టుకే రెండోసారి చిల్లు వేసి దిగిపోయాడు.

యూరప్‌లో పెద్ద యుద్ధం ఇంకా మొదలుకాని రోజులవి. మారిషస్‌లో ఆ ఏడే రైళ్ళకు కొత్త చట్టం వచ్చింది. స్టేషన్లో కప్పు కింద పొగ తాగకూడదు. ప్లాట్‌ఫారం మీద పొగాకు అమ్మకూడదు. బండిలో చివరి పెట్టె ఒక్కటే పొగరాయుళ్ళకు వదిలి, మిగతా పెట్టెలన్నిటికీ బోర్డులు కొట్టారు. ఎవరైనా కట్టు తప్పితే తరవాతి స్టేషన్లో దించేస్తారు.

మగవాళ్ళు గగ్గోలు పెట్టారు. ప్లాట్‌ఫారం మీద చుట్టలమ్ముకునే పియర్ తట్ట నెత్తిన పెట్టుకుని, కంచె బయటికి నాలుగడుగులు జరిగి, అక్కణ్ణించే చెయ్యి లోపలికి చాచి అమ్మసాగాడు. తట్ట బయటే ఉంది, చెయ్యి మాత్రమే లోపలుంది, చెయ్యి మీద చట్టం లేదన్నాడు. స్టేషన్ మాస్టరు మార్సెల్‌కు పాతికేళ్ళుగా పైపు అలవాటు. తన గది కూడా కప్పు కిందే ఉందన్న సంగతి ఆయనకు చట్టం వచ్చాకే తట్టింది. పాపం, అప్పట్నించీ బండి వచ్చే వేళకు గొడుగు పట్టుకుని సిగ్నల్ స్తంభం దాకా నడుస్తున్నాడు. సిగ్నల్ తనిఖీ అని పేరు.

ఈ చట్టాన్ని అమలు చెయ్యడానికే అప్పయ్యను కొత్తగా తీసుకున్నారు. అందరి టికెట్లూ చూడాలి, అందరి నోళ్ళూ చూడాలి. ముందు కొంతకాలం పరీక్ష. చివర్లో రాజధాని పోర్ లూయీ నుంచి ఇన్స్పెక్టరు వచ్చి, పని చూసి, సరే అంటేనే ఉద్యోగం ఖాయం.

ఆడవాళ్ళ పెట్టెకు కూడా బోర్డు కొట్టినప్పుడు అందరూ నవ్వారు. అక్కడ కాల్చేదెవరు, ఆ మేకులు దండగ అన్నాడు మార్సెల్. తీరా చూస్తే మొట్టమొదటి ఫిర్యాదు ఆడవాళ్ళ పెట్టె నుంచే వచ్చింది.

ఫిర్యాదు చేసినావిడ మదాం జోసెలిన్. ప్రతి శనివారం రోజ్ హిల్ చర్చిలో ఆర్గన్ వాయించడానికి అదే బండిలో వెళ్తుంది. ఆవిడ ముక్కు చాలా చురుకైనది. బండి వకోవా దాటీ దాటకముందే పెట్టెలో ఘాటుగా చుట్ట వాసన మొదలవుతుందని, ఎవరు కాలుస్తున్నారో కనపడదని, పొగ కూడా లేదని, వాసన మాత్రం తన టోపీకి పట్టేస్తోందని చెప్పింది.

అప్పయ్య ఎక్కి చూశాడు. వాసన నిజమే. బెంచీల కింద వెతికాడు, కిటికీ సందుల్లో వెతికాడు. బూడిద రవ్వంత కూడా లేదు. ఆ చలివానలో పొద్దుటి బండికి ఆ పెట్టెలో ఎక్కేది ప్రతి శనివారం ఆ ముగ్గురే. మదాం జోసెలిన్ తన మీద తను ఫిర్యాదు చేసుకోదు. ముసలావిడ నోరే విప్పదు, వ్రతం పట్టిన మనిషి. ఇక మిగిలింది ఒక్కరే.

ఆ ఒక్కరి పెద్ద కళ్ళూ, జడలోని నందివర్ధనం పువ్వూ చూసి అప్పయ్యకు నమ్మబుద్ధి కాలేదు. ఇంత చక్కటి పిల్ల దొంగచాటుగా చుట్ట కాలుస్తుందా?

ఎవరైనా పెద్దవాళ్ళనడిగితే అతని అనుమానం క్షణంలో తీరిపోయేది. కాని అప్పయ్య పోర్ లూయీ రేవు పక్కన క్రియోల్ భాష మాట్లాడే ఇళ్ళ మధ్య పెరిగినవాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. చెరకు తోటల్లో పనిచేసిన తెలుగు అమ్మమ్మల అలవాట్లు అతనికి తెలియవు. తండ్రి నేర్పిన నాలుగు కీర్తనలు, పెద్దల కాళ్ళకు దండం పెట్టే పద్ధతి, ఇంత తెలుగు మాట, అతనికి ఉన్న తెలుగుతనం అంతే.

ఆ కాస్త తెలుగు మాట కూడా గౌరీదేవి నవ్వు ఆపుకుంటూ వినేది. "మీ తెలుగు పోర్ లూయీలో ఓడ దిగి అక్కడే ఉండిపోయింది," అనేది. ఆమె శనివారం శనివారం అమ్మమ్మ నరసమ్మతో రోజ్ హిల్ రామమందిరానికి వెళ్ళేది. అమ్మమ్మ సింహాద్రి అప్పన్నకు దీపం పెట్టేది, మనవరాలు పిల్లలకు అక్షరాలు దిద్దించేది. బండి ఫీనిక్స్ చేరేలోగా అప్పయ్యకు ఆ కబుర్లన్నీ తెలిసేవి. ఫీనిక్స్‌లో పెట్టె మారాలి కాబట్టి అతను దిగేవాడు. దిగాక ఆ మిగతా ప్రయాణమంతా ఎవరి టికెట్ చూశాడో అతనికే గుర్తుండేది కాదు.

అతనికి గౌరి నచ్చింది. దాచుకోవడం ఎందుకు, మొదటి చీవాట్లప్పుడే నచ్చింది. అందుకే వాసన వచ్చినప్పుడల్లా వకోవా వానలో కూడా కిటికీలన్నీ బార్లా తెరిచేవాడు. అది ఇంజను పొగ అని మదాం జోసెలిన్‌తో నమ్మబలికాడు. ఇంజను బొగ్గు తింటుంది గాని పొగాకు తినదని ఆవిడ అంది.

నేరుగా చెప్పే ధైర్యం లేక ఒకనాడు గౌరికి పిప్పరమెంట్ల పొట్లం ఇచ్చాడు. నోట్లో వేసుకుంటే హాయిగా ఉంటుందన్నాడు. మనసైనప్పుడల్లా ఇది వేసుకోండి, వేరే ఏదీ తలుచుకోకండి అని కూడా అన్నాడు. పాపం, అతను మందు ఇస్తున్నాననుకున్నాడు.

గౌరి ఎర్రబడి పొట్లం అందుకుంది. తరవాతి శనివారం పువ్వు మార్చి మందారం పెట్టుకొచ్చింది. వాసన మాత్రం ఏమీ తగ్గలేదు. అప్పయ్య ఇంకో పొట్లం కొన్నాడు. అలా ఆ వర్షాకాలం పొడుగునా కొంటూనే ఉన్నాడు.

ఒకరోజు మాటల్లో గౌరి, అమ్మమ్మ తనకు సంబంధాలు చూస్తోందని చెప్పింది. సర్కారు ఉద్యోగం ఉండాలట, అదీ ఖాయమైనది ఉండాలట. చెరకు తోటలో ఇవాళ పని ఉండి రేపు లేని బతుకు తను చూసింది చాలునని, పిల్లకు ఆ బెంగ వద్దని ఆవిడ పట్టుదల. ఈ మాట చెబుతూ గౌరి అప్పయ్య కోటు వైపు చూసి, వెంటనే కిటికీలోంచి బయటికి చూసింది. బయట చూడటానికి వాన తప్ప ఏమీ లేదు.

నరసమ్మ కొంగు చాటునుంచి ఇద్దర్నీ చూస్తూ కూర్చుంది.

సరిగ్గా అప్పుడే మార్సెల్ పిలిచి సంగతి చెప్పాడు. వచ్చే శనివారం ఇన్స్పెక్టరు వస్తున్నాడు. మదాం జోసెలిన్ ఫిర్యాదు ఆయనదాకా వెళ్ళింది. ఆడవాళ్ళ పెట్టెలోనే కూర్చుని వస్తాడు. పొగ తాగేవాళ్ళను పట్టుకుంటే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి. నువ్వు మంచి కుర్రాడివి, ఇంత చిన్న పెట్టెలో ఒక్క చుట్ట దొరకలేదంటే నేను నమ్మనా అని కూడా అన్నాడు. ఆయన కోటులోంచి పైపు వాసన వస్తోంది. అప్పయ్య తల వంచుకున్నాడు.

ఇరకాటం ఎలాంటిదంటే, పట్టుకుంటే గౌరి పోతుంది. పట్టుకోకపోతే ఉద్యోగం పోతుంది, దాంతో కూడా గౌరే పోతుంది.

వారమంతా ఆలోచించి అప్పయ్య ఒక నిర్ణయానికి వచ్చాడు. గౌరి పేరు చెప్పడు. ఉద్యోగం ఉన్నా ఊడినా ఆ రోజే ముసలావిడకు తన మనసు చెప్పేస్తాడు. పెద్ద పనికి వెళ్ళేముందు పెద్దల కాళ్ళకు దండం పెట్టమని, దీవెన మాట చెవిన పడేదాకా తల ఎత్తొద్దని తండ్రి నేర్పాడు. కాబట్టి ముందు దండం, తరవాత సంగతి.

శనివారం వచ్చింది. ఇన్స్పెక్టరు మదాం జోసెలిన్‌ను అనుమతి అడిగి, ఎదురు బెంచీ మీద గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. బండి కదిలింది. వాసన వచ్చింది. మదాం ముక్కు ఎగబీల్చి, చూశారా అన్నట్టు ఇన్స్పెక్టరును చూసింది.

అప్పయ్య గౌరి వైపు సరిగా చూడలేదు. చూస్తే ఆమె కళ్ళు వద్దు వద్దంటున్నాయని తెలిసేది. ఒక్కసారి ఓరగా చూశాడు గాని, అది సిగ్గనుకున్నాడు. తిన్నగా వెళ్ళి నరసమ్మ పాదాల మీద నుదురు ఆనించాడు.

నరసమ్మ ఉలిక్కిపడింది. చెయ్యి అతని తల మీద పెట్టింది. అప్పయ్య లేవలేదు. ఆవిడ తల నిమిరింది. అతను లేవలేదు. ఆవిడ భుజం పట్టుకుని మెల్లిగా పైకి లాగింది. మాట పడందే లేచేవాడు కాదు అప్పయ్య. మౌనవ్రతం సంగతి అతనికి గుర్తుంది గాని, దీవెనకు వ్రతం అడ్డు రాదని వాళ్ళ నాన్న చెప్పాడు.

నరసమ్మ మనవరాలి వైపు చూసింది. ఇన్స్పెక్టరు వైపు చూసింది. కాళ్ళ దగ్గర ఒక తల్లిలేని పిల్లాడు తల వాల్చి ఉంటే నోరు మూసుకు కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. ఆవిడ కొంగు దించింది.

"లెగు బాబూ. సల్లగుండు. ఇంటికి ఇల్లాలొచ్చి, పిల్లా పాపల్తో నూరేళ్ళు సల్లగుండు."

ఒక్కో మాటకు ఒక్కో గుప్పెడు పొగ బయటికొచ్చింది. నూరేళ్ళు అన్నప్పుడు నోట్లోంచి చుట్ట కూడా తొంగి చూసింది. నిప్పు వైపు లోపల, చల్లటి కొస బయట. ఆవిడ దాన్ని నాలుకతో ఒడుపుగా బయటికి తిప్పి, వేళ్ళతో పట్టుకుంది. నిప్పు ఎర్రగా కణకణలాడుతోంది.

మదాం జోసెలిన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పయ్య మోకాళ్ళ మీదే ఉండిపోయాడు. శనివారాల మౌనవ్రతం ఏమిటో, కొంగెందుకు కప్పుకునేదో, పిప్పరమెంట్లు ఎందుకు పనిచెయ్యలేదో అతనికి ఒక్కసారిగా అర్థమైంది.

ఇన్స్పెక్టరు తేరుకుని అప్పయ్య వీపు తట్టాడు. "భేషుగ్గా పట్టావు కుర్రాడా. దండం పెట్టి నోరు తెరిపించడం నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. రోజ్ హిల్ ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టు. ఉద్యోగం నీది," అన్నాడు. తరవాత చట్టప్రకారం ఆ ముసలావిణ్ణి ఫీనిక్స్‌లో దించెయ్యమన్నాడు.

ఆ మెచ్చుకోలు గౌరి చెవిన పడింది. ఆమె మొహం అప్పయ్య చూశాడు. అలా చూడవలసి రాకపోతే బావుండేదనుకున్నాడు.

ఫీనిక్స్‌లో కుండపోత. గౌరి అమ్మమ్మ చెయ్యి పట్టుకుని దింపింది. పూజ బుట్ట దించుకుంది. మెట్టు మీద ఆగి, గొంతు పెంచకుండా అంది.

"పట్టుకోవాలంటే పట్టుకోవచ్చు మిస్యే. అది మీ ఉద్యోగం. కాళ్ళకు మొక్కి పట్టుకోవాలా?"

జవాబు వినడానికి ఆమె నిలబడలేదు. ఈలోగా గార్డు జెండా ఊపాడు. బండి కదిలింది. రోజ్ హిల్‌లో సంతకం, ఖాయమైన జీతం, అన్నీ ఆ బండిలోనే ముందుకు వెళ్తున్నాయి. అప్పయ్య ప్లాట్‌ఫారం చివర తడుస్తూ నడుస్తున్న ఇద్దర్నీ చూశాడు. కదిలే బండిలోంచి దూకాడు. దూకింది నేరుగా నీళ్ళ గుంటలోకి.

ఇన్స్పెక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, ఎక్కడికిరా అని కేకేశాడు. మీరు ఆవిణ్ణి దించమన్నారు, వానలో వదిలెయ్యమనలేదు కదా అని అప్పయ్య కింద నుంచి జవాబిచ్చాడు.

"అయితే నీ పరీక్ష మళ్ళీ మొదటినుంచి," అన్నాడు ఇన్స్పెక్టరు. బండి మలుపు తిరిగింది.

ఫీనిక్స్ స్టేషన్లో చిన్న రేకుల షెడ్డు, అందులో ఒక బెంచీ ఉన్నాయి. తరవాతి బండి చాలాసేపటికి గాని రాదు. ముగ్గురూ షెడ్డు కిందికి చేరారు. గౌరి బెంచీ మీద ఆ చివర కూర్చుని గోడ వైపు తిరిగింది. అప్పయ్య కోటు కొస పిండుకుంటూ నిలబడ్డాడు. నరసమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"నువ్వేల దిగినావు బాబూ?" అని అడిగింది.

"మీరు దిగారని, అమ్మమ్మా."

"మరి ఉద్యోగం?"

"మళ్ళీ మొదటినుంచట."

నరసమ్మ తడిసిన కొంగు పిండుకుంది. "ఖాయమైన ఉద్యోగం ఉన్నోడికే పిల్లనిత్తానని అన్నది నానే. నువ్వు ఆ బండిలో కూకుని ఎల్లిపోతే ఉద్యోగం ఖాయమైపోను. దిగిపోయినోడిని ఏటి సెయ్యాల?" అంది. ఆ ప్రశ్న ఎవర్ని అడిగిందో ఇద్దరికీ తెలియలేదు.

ఆవిడ రొంటిన దోపుకున్న సంచీలోంచి కొత్త చుట్ట తీసింది. అంటించబోయి షెడ్డు గోడ మీద బోర్డు చూసి ఆగింది. ఇక్కడ కూడానా అన్నట్టు అప్పయ్యను చూసింది. కప్పు ఉన్న చోటల్లా చట్టం ఉందని అప్పయ్య తప్పనిసరై చెప్పాడు. ఇంత వానలో బయటికెళ్తే ఆరిపోతుందేమోనని కూడా అన్నాడు.

నరసమ్మకు నవ్వొచ్చింది. నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే ఈ అడ్డపొగ అంటే ఏమిటనుకున్నావు బాబూ అంది. చెరకు కొట్టేటప్పుడు రెండు చేతులా పని, నెత్తిన వాన, మొహాన గాలి. నిప్పు బయటుంటే నిలుస్తుందా? లోపలుంటే తుఫానొచ్చినా ఆరదు. నాలుక కాలదా అంటే, నాలుకను ఎక్కడ ఉంచాలో తెలిసినవాళ్ళకు కాలదు. వాళ్ళమ్మ విశాఖపట్నం ఒడ్డునుంచి ఓడలో తెచ్చుకున్న విద్య అది. ఇంత చెప్పి, చూరు అంచున నిలబడి చుట్ట అంటించి, నిప్పు లోపలికి తిప్పుకుని, కొంగు నెత్తిన వేసుకుని, తాపీగా వానలోకి వెళ్ళిపోయింది. పట్టాల పక్కన అటు తిరిగి నిలబడింది.

షెడ్డులో ఇద్దరే మిగిలారు.

"నేను ఉచ్చు వెయ్యలేదు," అన్నాడు అప్పయ్య. "నాకు అమ్మమ్మ సంగతి తెలియదు."

"నమ్మను," అంది గౌరి గోడతో. "ప్రతి శనివారం ఆ పెట్టెలోనే తిరిగేవారు. వాసన మీకూ తెలుసు. ఎవరో ఒకరు కాలుస్తున్నారని తెలుసు. అమ్మమ్మ కాదనుకుంటే మరెవరనుకున్నారు?"

చెప్పకపోతే అప్పయ్య మోసగాడవుతాడు. చెబితే ఏమవుతాడో అతనికి తెలియదు.

"మీరనుకున్నాను," అన్నాడు.

గౌరి గోడ వైపు నుంచి మెల్లిగా ఇటు తిరిగింది. "నేనేమిటి?"

"చుట్ట కాల్చేది."

వాన రేకుల మీద ధనధనా మోగుతోంది. గౌరి కళ్ళు ఇంతవరకు కోపంతో పెద్దవైనవి, ఇప్పుడు ఇంకా పెద్దవయ్యాయి. తను శనివారం తలంటుకుని, పూలు పెట్టుకుని, పూజ బుట్టతో బండెక్కితే, ఎదుటి మనిషి కళ్ళకు చుట్టరాయుడిలా కనిపించిందా అని అడిగింది. అప్పయ్య అలా కాదన్నాడు. మరెలా అంది. చాలా చక్కగా, చుట్ట కాల్చే అమ్మాయిలా అన్నాడు.

గౌరికి హఠాత్తుగా ఒకటి గుర్తొచ్చింది. "ఆ పిప్పరమెంట్లు?"

"అందుకే. మాన్పిద్దామని."

"మందా అవి?" అంది గౌరి. వస్తున్నది నవ్వో ఏడుపో ఆమెకే తేలలేదు. "నేను ఒక్కటి కూడా తినలేదు. మీరు ఇష్టపడి ఇస్తున్నారనుకుని డబ్బాలో దాచుకున్నాను. చీమలు పట్టకుండా డబ్బా కింద నీళ్ళ పళ్ళెం కూడా పెట్టాను."

అప్పయ్య బెంచీ ఈ చివర కూర్చున్నాడు. ఇష్టపడే ఇచ్చానన్నాడు. చుట్ట వాసన తనకు అసలు పడదని, ఆ వాసన వస్తున్నా ఆ పెట్టెలోంచి దిగబుద్ధయ్యేది కాదని, ఫీనిక్స్ స్టేషను ఇంకో రెండు స్టేషన్ల అవతల ఉంటే బావుణ్ణని ప్రతి శనివారం అనుకునేవాణ్ణని చెప్పాడు. ఇన్స్పెక్టరు అడిగినా ఆమె పేరు చెప్పకూడదనుకున్నాడట. ఉద్యోగం పోయినా సరేనట. అమ్మమ్మ దీవెన పడ్డాక, మీ మనవరాలిని నాకిస్తారా అని అడుగుదామని వంగాడట. అడిగేలోగా పొగ వచ్చింది.

గౌరి తన చేతి గాజులు సర్దుకుంది.

"అంటే, నేను చుట్ట కాలుస్తానని నమ్మీ అడుగుదామనుకున్నారా?"

"ఆఁ."

"పెళ్ళయ్యాక మానకపోతే?"

"కిటికీ తీసి పడుకుంటాను."

"వకోవా చలిలోనా?"

"దుప్పటి మీకిచ్చి," అన్నాడు అప్పయ్య.

ఈసారి గౌరికి నవ్వొచ్చింది. దాచుకుందామని చూసి, దాచలేక పైట అడ్డం పెట్టుకుంది. నవ్వు తగ్గాక ఆమె కూడా తన తప్పు ఒప్పుకుంది. మౌనవ్రతం అబద్ధం తనే కల్పించింది. చట్టం వచ్చిన రోజే అమ్మమ్మ చివరి పెట్టెలో ఎక్కుతానంటే, అక్కడంతా మగవాళ్ళు, నేను ఎక్కలేనని గౌరే ఆపింది. పోనీ బండిలో మానేస్తానని కూడా అమ్మమ్మ అంది. మొదటి శనివారం అయిపోయాక గౌరే వద్దంది. అమ్మమ్మ నోట్లో చుట్ట ఉంటే ఆవిడ మాట్లాడదు, ఆవిడ మాట్లాడకపోతే టికెట్ బాబుతో మాట్లాడవలసింది తనే కదా.

అప్పయ్యకు ఇది అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక మొహం దీపం పెట్టినట్టయింది.

"ఉద్యోగం ఇప్పుడు ఖాయం కాదు," అన్నాడు. అది చెప్పకపోతే తప్పని తోచింది. "మళ్ళీ మొదటినుంచి పరీక్ష. ఈసారి కూడా దించమంటే దించవలసిందే. ఎవరినైనా సరే."

"దించండి," అంది గౌరి. "దించినవాళ్ళతో దిగుతారు కదా. నాకది చాలు." తరవాత తల వంచుకుని, మాట తడబడకుండా, "మీరంటే నాకిష్టం. మొదటిరోజు టికెట్టుకు రెండు చిల్లులు వేసినప్పటినుంచీ ఇష్టం," అంది.

ఆ మాటకు అప్పయ్య ఏం జవాబు చెప్పాడో రేకుల మీద వాన చప్పుడులో వినపడలేదు. గౌరికి వినపడిందని మాత్రం ఆమె చెంపలు చూస్తే తెలుస్తుంది. ఇందాక ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్న బెంచీ మీద ఇప్పుడు రెండు చివరలూ ఖాళీగా ఉన్నాయి.

వాన ఇంకా పెరిగింది. గౌరికి అప్పుడు అమ్మమ్మ గుర్తొచ్చి సిగ్గేసింది. ఆవిడ పట్టాల పక్కన కదలకుండా నిలబడే ఉంది. చీర ఒంటికి అతుక్కుపోయింది.

"అమ్మమ్మా, లోపలికి రా. తడిసి ముద్దయిపోయావు. జలుబు చేస్తుంది," అని గౌరి పిలిచింది. అప్పయ్య గొడుగు కోసం స్టేషన్ గది వైపు లేవబోయాడు.

నరసమ్మ ఒకసారి వెనక్కి తిరిగి బెంచీ వైపు చూసింది. ఇద్దరి మధ్యా పూజ బుట్ట కూడా లేకపోవడం చూసింది. అతన్ని కూర్చోమని చెయ్యి ఊపింది. ఆరుబయట కాబట్టి చట్టం భయం లేకుండా, పొగా మాటా కలిపి వదిలింది.

"కూకో బాబూ, కూకో. మంచి ముహూర్తం సూసి మీ అయ్యని పంపు, ఆ మాట ఆనక సూద్దాం. నా సుట్ట ఇంకా సగముంది. మాటాడుకోండి."